యాత్రికవేషమున వచ్చిన పోపు

మధ్యయుగపు ఐరోపాలో పోపుల మాట వచ్చినంతనే, 1077లో కనోసా కోట వాకిట మంచులో నిలిచి ఏడవ గ్రెగరీ పోపు క్షమను అర్థించిన జర్మను రాజు నాల్గవ హెన్రీ మనకు జ్ఞప్తికి వచ్చును. కాని అంతకు ముప్పది యేండ్లకు పూర్వమే ఆ పీఠము అంగడి సరకుగ నుండెను. అంతటి హీనదశనుండి అంతటి ఔన్నత్యమునకు అది ఎట్లు చేరినదో తెలియవలెనన్న, మనము తొమ్మిదవ లియో చరితమును పరిశీలింపవలెను. ఆయన పాలించినది అయిదేండ్లు మాత్రమే.

మొదట ఆనాటి రోము స్థితిని గుర్తించుట అవసరము. సంపన్న కుటుంబమునకు చెందిన తొమ్మిదవ బెనెడిక్టు పోపు, తన పదవిని ధనమునకు మరియొకరికి వదలుకొనెను. కొన్నవాడు దుష్టుడు కాడు. అయోగ్యుని చేతినుండి పీఠమును తప్పింపవలెననియే ఆయన కొనెను. ఆయనయే ఆరవ గ్రెగరీ. కాని ఉద్దేశము మంచిదైనను క్రయము క్రయమే. బెనెడిక్టు తిరిగి వచ్చి పదవి తనదే యనెను. మూడవ సిల్వెస్టరు అను వేరొకడును హక్కు చెప్పుచుండెను. 1046లో జర్మను రాజు మూడవ హెన్రీ ఇటలీకి వచ్చి ఆ ముగ్గురిని తొలగింపజేసి, జర్మను బిషప్పు నొకనిని పోపుగ నిలిపెను. ఆ పోపు ఏడాదిలోపుననే మరణించెను. ఆయన తరువాత వచ్చిన రెండవ డమాససు ఇరువది మూడు దినములకే కన్ను మూసెను.

అప్పుడు, 1048 డిసెంబరులో, వర్మ్స్ నగరమున కూడిన సభలో హెన్రీ చక్రవర్తి తన బంధువగు బ్రూనోను ఎంపిక చేసెను. బ్రూనో 1002లో అల్సాసు ప్రాంతమున, ఎగిషైమ్ ప్రభువుల యింట జన్మించెను. ఆ ప్రాంతము ఇప్పుడు ఫ్రాన్సులోనిదైనను ఆనాడు జర్మను రాజ్యములోనిది. టూల్ నగరమున చదువుకొని, ఆ నగరమునకే బిషప్పై, ఇరువది యేండ్లకు పైగా అచ్చటి మఠములను చక్కదిద్దుచు వచ్చెను.

చక్రవర్తి ఆజ్ఞకు ఆయన వెంటనే తల యొగ్గలేదు. రోములోని మతాధికారులును ప్రజలును తమ యిష్టముతో ఎన్నుకొనిననే పదవిని గ్రహింతుననియు, లేనిచో టూలుకు తిరిగి పోదుననియు నిబంధన పెట్టెను. పోపు చిహ్నములు ధరింపక యాత్రికవేషమున రోము చేరెను. పూర్వము ఆరవ గ్రెగరీ వెంట ప్రవాసమునకు పోయిన హిల్డెబ్రాండు అను యువకుడు ఆయన కూడ వచ్చెను. రోము ప్రజలు బ్రూనోను హర్షధ్వానములతో అంగీకరించిరి. 1049 ఫిబ్రవరి 12న ఆయన తొమ్మిదవ లియో అను పేరుతో అభిషిక్తుడయ్యెను.

ఆ నిబంధన వట్టి మర్యాద కాదని మా అభిప్రాయము. పదవి ఎవరి చేతినుండి వచ్చినదను ప్రశ్నను ఇతరులకు వేయుటకు ముందు లియో తనకు తానే వేసికొనెను. ఆ సంవత్సరమే వసంతమున రోములో సభ జరిపి, మతపదవుల క్రయవిక్రయములను, మతగురువుల వివాహములను ఖండించెను. పదవులను అమ్ముకొనిన బిషప్పులిచ్చిన దీక్షలన్నియు చెల్లవని ప్రకటింప దలచెను. అట్లు చేసినచో రోములోని దేవాలయములలో పూజ జరుపువారే మిగులరని మొరలు వినవచ్చెను. తుదకు, అట్టి దీక్షను తెలిసియు పొందినవారు నలువది దినములు ప్రాయశ్చిత్తము చేసినచో చాలునను పూర్వపు కట్టుబాటుకే సమ్మతించెను. సంస్కర్త తన ఆవేశమునకు తానే హద్దు గీసికొనెను.

అదే సంవత్సరము అక్టోబరులో ఫ్రాన్సులోని రీమ్స్ నగరమున జరిగిన సభ మరింత ముఖ్యమైనది. ఆ దేశపు రాజు మొదటి హెన్రీకి ఆ సభ యిష్టము లేక, యుద్ధయాత్ర నెపమున పలువురు బిషప్పులను తన వెంట పిలిచికొనిపోయెను. లియో వెనుదీయలేదు. రెమీ మహాత్ముని అస్థికలను బలిపీఠముపై నుంచి, వాటి యెదుట ప్రతి బిషప్పును తాను ధనమిచ్చి పదవి పొందెనో లేదో చెప్పుమని కోరెను. లాంగ్రె బిషప్పు రాత్రికి రాత్రి పారిపోయి బహిష్కృతుడయ్యెను. తండ్రి తరువాత ధనమిచ్చి పదవికెక్కిన నాంట్ బిషప్పు తన చిహ్నములను వదలుకొని సామాన్య గురువుగ మిగిలెను. పోపు అను మాట మాత్రమే విన్న జనులు పోపును కన్నులార చూచిరి. ఇట్లు ఆయన మూడుమారులు ఆల్ప్స్ పర్వతములను దాటి ఉత్తరదేశములలో సంచరించెను.

ఇంతటివాడు ఒకచోట తడబడెను. దక్షిణ ఇటలీలో నార్మనులు గ్రామములను కొల్లగొట్టుచుండగా, బాధితుల మొర విని ఆయన స్వయముగ సేనతో బయలుదేరెను. 1053 జూన్ 18న సివితాతె వద్ద ఆ సేన ఛిన్నాభిన్నమయ్యెను. విజేతలు ఆయన పాదములపై బడి క్షమాపణ వేడిరి. అయినను విడువక, నెలల తరబడి బెనెవెంటోలో నిలిపి యుంచిరి. మతగురువు కత్తిని ఆశ్రయించుట తగదని లియోను గౌరవించిన పీటర్ డామియానే ఆక్షేపించెను. రీమ్స్‌లో సాక్షిగ నిలిచిన అస్థికలు చేసిన పనిని సివితాతెలో ఖడ్గములు చేయలేకపోయినవి.

నిర్బంధములోనే ఆయన గ్రీకుభాష నేర్వనారంభించెను. కాన్‌స్టాంటినోపుల్ మతాధిపతి మైకేల్ కెరులారియస్‌తో తలెత్తిన వివాదమును తీర్చుటకు దూతలను పంపెను. రోముకు తిరిగివచ్చి, 1054 ఏప్రిల్ 19న కన్ను మూసెను. ఆయన మరణించిన మూడు నెలలకు, జూలై 16న, దూతలలో ప్రముఖుడగు హంబర్టు హేగియా సోఫియా బలిపీఠముపై బహిష్కారపత్రము నుంచెను. ఆనాటి పరస్పర శాపములు 1965లో గాని ఉపసంహరింపబడలేదు.

అయినను ఆయన నాటిన విత్తు మొలకెత్తెను. 1059లో రెండవ నికోలస్ పోపు, పోపును ఎన్నుకొనుటలో ప్రధాన పాత్ర కార్డినలులదే యని శాసించెను. వర్మ్స్‌లో లియో పెట్టిన నిబంధన ఇట్లు చట్టరూపము దాల్చెను. ఆయన వెంట వచ్చిన హిల్డెబ్రాండే 1073లో ఏడవ గ్రెగరీ యయ్యెను. చక్రవర్తి తన బంధువును పోపుగ నియమించెను. ఆ బంధువు రోముకు తెచ్చిన యువకునియెదుటనే చక్రవర్తి కుమారుడు కనోసాలో తలవంచి నిలువవలసి వచ్చెను.