ఆ వారం ఉంగరం ఎవరి దగ్గరుంది?

తరగతిలో ఒక ఉంగరం ఉండేది. ఇంట్లో మాట్లాడే భాష బడిలో ఎవరి నోటైనా దొర్లితే ఆ ఉంగరం వాళ్ల చేతికి వచ్చేది. దాన్ని వదిలించుకోవాలంటే ఒక్కటే దారి. ఇంకో పిల్లవాడు ఆ భాషలో మాట్లాడుతుండగా పట్టుకుని వాడికి అంటగట్టాలి. వారాంతానికి ఎవరి దగ్గర మిగిలితే శిక్ష వాళ్లకే. స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దులో, పిరెనీస్ కొండల పడమటి కొసన బతికే బాస్క్ జనం తరతరాలుగా చెప్పుకునే బడి జ్ఞాపకం ఇది. వేల్స్‌లో ఇదే పని మెడలో వేసిన చెక్కముక్కతో చేయించారు, బ్రిటనీలో చెక్కచెప్పుతో. 2009లో మన కడప జిల్లా మైదుకూరులో ఒక బడి పిల్లల మెడలో ‘ఎప్పుడూ తెలుగు మాట్లాడను’ అని రాసిన పలకలు వేలాడదీసిన వార్త గుర్తున్నవాళ్లకు ఈ ఉంగరం కొత్తగా అనిపించదు. శిక్ష ఎటూ తప్పే. పిల్లల మీద పిల్లల్నే కాపలా పెట్టడం అంతకంటే ఘోరం.

బాస్క్ భాషను వాళ్లు ఎవుస్కరా అంటారు. ప్రపంచంలో బతికున్న ఏ భాషతోనూ దానికి చుట్టరికం తేలలేదు. బాస్క్ మనిషికి ఆ భాషలో ‘ఎవుస్కల్దున్’ అని పేరు. ఎవుస్కరా ఉన్నవాడు అని దానర్థం. మాట పోతే వాళ్ల పేరే పోతుందన్నమాట.

స్పెయిన్ అంతర్యుద్ధం నడుస్తుండగా, 1937 ఏప్రిల్ 26న బాస్క్ పట్టణం గెర్నికా మీద బాంబులు కురిశాయి. 1939లో ఆ యుద్ధం ముగిసి నియంత ఫ్రాంకో గెలిచాడు. బడిలో బాస్క్ వద్దన్నారు, కచేరీలో వద్దన్నారు, చివరికి పుట్టిన బిడ్డకు బాస్క్ పేరు నమోదు చేయడం కూడా కుదరదన్నారు. ఆ రోజుల్లోనే, 1940లలో, సాన్ సెబాస్టియన్ పాతబస్తీలో ఎల్బిరా సిపిత్రియా అనే టీచరమ్మ తన ఇంట్లోనే రహస్యంగా బడి మొదలుపెట్టింది. 1906లో పుట్టిన ఆమెకు యుద్ధానికి ముందే బాస్క్‌లో పాఠాలు చెప్పిన అనుభవం ఉంది. బయట బోర్డు లేదు. లోపల కొద్దిమంది పిల్లలు. ఆమెను ‘అందెరెన్యో’ అని పిలిచేవారు, మన పిల్లలు ‘టీచరమ్మా’ అన్నట్టు. తన దగ్గర పని నేర్చుకున్న అమ్మాయిల చేత మరికొన్ని ఇళ్లలో ఇలాంటి బడులే పెట్టించింది. భాషా చరిత్రలు రాసేటప్పుడు పండితుల పేర్లు, సభల తేదీలు ముందుకొస్తాయి. బాస్క్ బడిని ఆ చీకటి ఏళ్లలో బతికించింది మాత్రం ముందుగదిలో పిల్లల్ని కూర్చోబెట్టుకున్న ఈ ఆడవాళ్లే.

1960లకు వచ్చేసరికి ముందుగదులు చాల్లేదు. తల్లిదండ్రులు సంఘాలుగా ఏర్పడ్డారు, చర్చి గదులు అడిగి తీసుకున్నారు, టీచర్ల జీతాలకు తామే చందాలు వేసుకున్నారు. ఈ బడిని ‘ఇకస్తోలా’ అన్నారు, నేర్చుకునే చోటు అని. ఇక్కడ ఒక చిక్కు వచ్చిపడింది. పిల్లలకు పుస్తకం అచ్చువేయాలంటే ఏ ఊరి బాస్క్‌లో వేయాలి? లోయకో యాస. గిడుగు రామమూర్తి కాలంనాటి గొడవ తెలిసిన మనకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. 1968లో అరంత్సాసు మఠంలో బాస్క్ భాషా అకాడమీ సమావేశమై, కోల్దో మిత్షెలేనా అనే భాషావేత్త ప్రతిపాదనల మీద అందరికీ ఒక ఉమ్మడి రాతభాషకు దారి వేసింది. ఇంట్లో యాస ఎవరిది వాళ్లదే, పుస్తకంలో భాష ఒకటి.

మరుసటి ఏడాది సరిహద్దు అవతల, ఫ్రాన్స్ వైపు తల్లిదండ్రులు కూడా కదిలారు. వాళ్ల సంఘం పేరు సెయస్కా. బాస్క్‌లో ఆ మాటకు ఉయ్యాల అని అర్థం. బ్రెటన్, కతలాన్, ఆక్సితాన్ భాషలవాళ్లు కూడా 1970లలో ఇలాగే తమ బడులు తెరిచారు.

డబ్బు ఎక్కడిది? ఈ ఉద్యమంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే. 1977లో బెయసాయిన్, లస్కావో ఊళ్లలో మొదటి ‘కిలోమెత్రోవాక్’ జరిగింది. నడిచిన ప్రతి కిలోమీటరుకు ఇంత అని జనం చందా ఇచ్చారు. అదే ఏటేటా జరిగే బడి జాతర అయింది. ఫ్రాన్స్ వైపు 1984 నుంచి సెన్పెరే చెరువు చుట్టూ ఇలాంటిదే జరుగుతోంది. మన దగ్గర మాధ్యమం గొడవ ఎప్పుడొచ్చినా జీవో చుట్టూ, కోర్టు చుట్టూ తిరుగుతుంది. అక్కడ చట్టం వచ్చేనాటికి బడి నడుస్తూనే ఉంది.

ఫ్రాంకో 1975లో చనిపోయాడు. 1979లో స్వయంపాలన, 1982లో భాషా చట్టం వచ్చాయి. ఆ వెంటనే తల్లిదండ్రుల ముందు మూడు దారులు పెట్టారు: ‘ఎ’ అంటే చదువు స్పానిష్‌లో, బాస్క్ ఒక సబ్జెక్టు. ‘బి’ అంటే రెండూ కలిపి. ‘డి’ అంటే చదువంతా బాస్క్‌లో, స్పానిష్ ఒక సబ్జెక్టు. మధ్యలో ‘సి’ లేదు, బాస్క్ రాతలో ఆ అక్షరం వాడరు కనుక! రానురాను ఎక్కువమంది ‘డి’ వైపే మొగ్గారు. బాస్క్ బడికి పంపితే పిల్లలు మిగతా భాషల్లో వెనకబడతారన్న భయం అక్కడా ఉండేది. ఇకస్తోలాలు 1991 నుంచి నాలుగేళ్ల వయసులోనే ఇంగ్లిష్ కూడా మొదలుపెట్టాయి. ఇంటి భాషను గట్టిగా పట్టుకున్న బడే మూడో భాషకు ముందు తలుపు తీసింది.

నొప్పి లేకుండా ఏదీ జరగలేదు. 1993 చట్టంతో ప్రతి ఇకస్తోలా ప్రభుత్వంలో కలవాలో, ప్రైవేటుగా ఉండాలో తేల్చుకోవాల్సి వచ్చింది. కలిసి కట్టుకున్న బడుల దారులు అక్కడ వేరయ్యాయి. ఫ్రాన్స్ వైపు పరిస్థితి ఇంకా కష్టం. పాల్ మొలాక్ అనే బ్రిటనీ ఎంపీ పెట్టిన ప్రాంతీయ భాషల బిల్లును 2021 ఏప్రిల్‌లో పార్లమెంటు ఆమోదించింది. అందులో పూర్తిగా ప్రాంతీయ భాషలో బోధించే వీలు కల్పించిన భాగాన్ని మే 21న రాజ్యాంగ మండలి కొట్టేసింది. గణతంత్రపు భాష ఫ్రెంచే అన్న రాజ్యాంగ వాక్యమే ఆధారం. వారం తిరగ్గానే పిల్లల్ని వెంటబెట్టుకుని వేల మంది వీధుల్లోకి వచ్చారు.

ఫలితం? స్పెయిన్‌లోని బాస్క్ స్వయంపాలిత ప్రాంతంలో భాష వచ్చిన పెద్దలు 1991లో నూటికి 24 మంది, 2021లో 36 మంది. 24 ఏళ్ల లోపు యువతలోనైతే నూటికి 70 దాటారు. ఫ్రాన్స్ వైపు అయిదుగురిలో ఒక్కరు. వచ్చినవాళ్లంతా వీధిలో మాట్లాడరు. బడి భాషను నేర్పగలదు, సంతలో దాన్ని పలికించడం బడి ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు.

సంతలో పలికించడానికే కొర్రికా పుట్టింది. కొర్రికా అంటే పరుగు. పెద్దలకు బాస్క్ నేర్పే ఎఇకె అనే సంస్థ 1980లో ఒన్యాతి నుంచి బిల్బావో దాకా మొదటిసారి నడిపింది. ఇప్పుడు దాదాపు రెండేళ్లకోసారి, పది పదకొండు రోజులు, రాత్రీ పగలూ ఆగకుండా 2,000 కిలోమీటర్లకు పైగా సాగుతుంది. ఒక్కో కిలోమీటరును ఒక ఊరో, బడో, దుకాణమో, కుటుంబమో కొనుక్కుంటుంది. కొన్నవాళ్లు ముందు పరిగెడతారు, చేతిలో ఒక కర్ర ఉంటుంది. అర్ధరాత్రి వాన పడుతున్నా తమ కిలోమీటరు కోసం రోడ్డు పక్కన ఎదురుచూస్తుంటారు. 2024లో ఆ పరుగు స్పెయిన్‌లోని ఇరున్‌లో మొదలై ఫ్రాన్స్‌లోని బయోన్‌లో ముగిసింది.

ఆ కర్రను ‘లెకుకో’ అంటారు. సాక్షి అని అర్థం. లోపల డొల్లగా ఉంటుంది, అందులో చుట్టిపెట్టిన ఒక కాగితం. రాసింది ఎవరో చివరి కిలోమీటరు దాకా బయటికి చెప్పరు. ఇకస్తోలా పిల్లల వంతు వచ్చినప్పుడు వాళ్లు ఆ కర్రను ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కున్నంత పనిచేస్తారు. అందులో ఏం రాసుందో వాళ్లకు తెలియదు, ఏ భాషలో రాసుందో తెలుసు.