ఫ్యాన్ బెల్టు ఎక్కడికి పోయింది?



2022 ఆగస్టులో మా అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు అందరం కలిసి డాలస్ నుంచి ఆస్టిన్ బయలుదేరాం. దారిలో ఎక్కడో ప్రమాదం జరిగి ట్రాఫిక్ ఆగిపోయింది. బయట 102 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ, వెనక సీట్లో పిల్లలు. అంతవరకూ బుద్ధిగా మధ్యలో నిలబడ్డ టెంపరేచర్ ముల్లు, కారు ఆగిన పది నిమిషాలకి ఎర్ర గీత వైపు పాకడం మొదలుపెట్టింది. ఏసీ ఆపేసి, ఇంజను వేడి బయటికి లాగడానికి ఆ ఎండలోనే హీటరు పెట్టి, ఎలాగో కారు పక్కకి తీసి ఆపాను. మా నాన్నగారు అన్న మొదటి మాట, "ఒరేయ్, ఫ్యాన్ బెల్టు తెగిందేమో చూడరా!"

బానెట్ ఎత్తి చూస్తే, ఫ్యానుకి అసలు బెల్టే లేదు.

ఆయన తప్పేమీ లేదు లెండి. అంబాసిడర్ నడిపిన మనిషి. అయితే ఆ బెల్టు ఎందుకు పోయిందో, దాని స్థానంలో ఏమేమి వచ్చాయో తెలిస్తే, ఫ్యాను ఎక్కడ చెడిందో ఇంట్లోనే కనిపెట్టవచ్చునని నాకు ఆ తరవాత అర్థమయింది. ఈ పూట ఆ కథే చెప్పుకుందాం.

మొదట్లో కారుకి ఫ్యానూ లేదు, రేడియేటరూ లేదు. కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడు చక్రాల బండిలో సిలిండరు చుట్టూ నీళ్ళుండేవి. అవి మరిగి ఆవిరైపోతే మళ్ళీ పోసుకోవాలి, అంతే. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్ దాకా, నూరు కిలోమీటర్ల పైచిలుకు, అలాంటి బండిలోనే వెళ్ళింది. దారి పొడుగునా నీళ్ళ కోసం ఆగుతూనే ఉంది. పిల్లలతో రోడ్డు మీద నీళ్ళకి వెతుక్కున్న మొదటి తల్లి ఆవిడే అనుకుంటాను.

1900-01లో విల్హెల్మ్ మేబాక్ రూపొందించిన 35 గుర్రపు శక్తి మెర్సిడెస్‌కి తేనెపట్టు లాంటి రేడియేటరు వచ్చింది. సన్నటి గొట్టాలు వేలకొద్దీ పేర్చి, వాటి లోపలి నుంచి గాలి పోయేట్టు చేశారు. కారు పరుగెడుతుంటే ఎదురుగాలే నీటిని చల్లబరుస్తుంది. మరి నెమ్మదిగా పోయేటప్పుడో? అందుకే రేడియేటరు వెనక ఒక ఫ్యాను పెట్టారు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి: ఫ్యానుతో అసలు పని కారు ఆగినప్పుడు, లేదా నెమ్మదిగా పోయేటప్పుడే.

1908 నుంచి 1927 దాకా వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో ఫ్యానుని తిప్పింది బెల్టు. 1958 నుంచి 2014 దాకా మన దేశంలో తయారైన అంబాసిడర్‌లోనూ మా నాన్నగారు ఎరిగినది అదే. ఇంజను తిరిగితే ఫ్యాను తిరుగుతుంది, బెల్టు తెగితే ఆగుతుంది. లోపం కంటికి కనబడేది. కానీ ఇందులో ఒక తిరకాసు ఉంది. రైలుగేటు దగ్గర కారు ఆగినప్పుడు ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది కదా, ఫ్యానూ నెమ్మదిగానే తిరుగుతుంది. అంటే అవసరం ఎక్కువగా ఉన్నప్పుడే గాలి తక్కువ! హైవే మీద అవసరం లేనప్పుడేమో ఊరికే ఇంజను బలాన్ని తినేస్తుంది.

తరవాత ఇంజనుని అడ్డంగా పెట్టి ముందు చక్రాలని తిప్పే కార్లు వచ్చాయి. ఇంజను కప్పీ పక్కకి తిరిగిపోయింది, రేడియేటరు ముందే ఉంది. ఇక బెల్టుతో ఫ్యానుని తిప్పడం కుదరదు. 1969 నాటి ఫియట్ 128లో కరెంటు ఫ్యాను పెట్టారు. 1973 చమురు సంక్షోభం తరవాత ఇలాంటి చిన్న కార్లకి గిరాకీ పెరిగింది. 1983లో వచ్చిన మారుతి 800 కూడా ఈ పద్ధతిదే. నీళ్ళు వేడెక్కితే ఒక స్విచ్చి రిలేని కదిలిస్తుంది, రిలే మోటారుకి కరెంటు పంపుతుంది. ఆ తరవాత స్విచ్చి స్థానంలో సెన్సరూ కంప్యూటరూ వచ్చాయి. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఓబీడీ-2 తప్పనిసరి అయింది. చిన్న రీడరు తగిలిస్తే ఫ్యాను సర్క్యూట్ లోపాన్ని పీ0480 లాంటి కోడ్‌తో కారే చెబుతుంది.

చూశారా, ఒక్క బెల్టు పోయి అయిదు వచ్చాయి: సెన్సరు, కంప్యూటరు, ఫ్యూజు, రిలే, మోటారు. వీటిని వరసగా చూసుకు రావడమే మన పని.

ముందు జాగ్రత్త. వేడి ఇంజను మీద రేడియేటరు మూత తీయవద్దు. అది ప్రెషర్ కుక్కరు లాంటిది, లోపలి నీరు నూరు డిగ్రీల సెల్సియస్ దాటి కూడా మరగకుండా ఉంటుంది. మూత తీస్తే ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. కరెంటు ఫ్యాను తాళం తీసేశాక కూడా తిరగవచ్చు, చేతులు దూరంగా ఉంచండి.

ఇంజను చల్లారాక కూలెంటు మట్టం చూడండి. ఆగినప్పుడు వేడెక్కి, పరుగులో చల్లబడుతుంటే అనుమానం ఫ్యాను మీద. హైవే మీద కూడా వేడెక్కుతుంటే థర్మోస్టాట్, నీటి పంపు, రేడియేటరు చూసుకోవాలి. తరవాత ఇంజను స్టార్ట్ చేసి ఏసీ వేయండి. చాలా కార్లలో ఫ్యాను వెంటనే తిరగాలి. తిరిగిందంటే మోటారు బాగున్నట్టే, సెన్సరుని అనుమానించండి. తిరగకపోతే ఇంజను ఆపి ఫ్యూజు చూడండి. అదీ బాగుంటే రిలే తీసి, పక్కనే ఉన్న అదే నంబరు రిలే పెట్టి చూడండి. అప్పటికీ తిరగకపోతే మోటారు ప్లగ్ విప్పి, ఫ్యూజు ఉన్న తీగతో బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వండి. తిరిగితే లోపం తీగల్లోనో కంప్యూటరు దగ్గరో ఉంది. తిరగకపోతే మోటారే పోయింది. అయితే కొత్త కార్లలో వేగం మార్చే కంట్రోలర్ ఉన్న ఫ్యాన్లకి ఈ బ్యాటరీ పరీక్ష పనికిరాదు, రీడరుతోనే చూడాలి.

మా కారు సంగతికొస్తే, ఒక షాపులో ఫ్యాను సెట్టు మొత్తం మార్చాలని 640 డాలర్లు అడిగారు. ఇంటికి తెచ్చుకుని, ఏసీ వేశాను, తిరగలేదు. ఫ్యూజు బాగానే ఉంది. హారన్ రిలే తీసి ఫ్యాను రిలే స్థానంలో పెట్టగానే బుర్రుమని తిరిగింది. కొత్త రిలే 14 డాలర్లు.

పాత రిలేని నాన్నగారి చేతిలో పెట్టాను. అగ్గిపెట్టెంత కూడా లేదు. అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే ఇదన్నమాట మీ ఫ్యాన్ బెల్టు!" అన్నారు.

ఎండాకాలం వచ్చేలోగా ఓసారి మీ కారు ఇంజను స్టార్ట్ చేసి, ఏసీ వేసి, ఫ్యాను తిరుగుతోందో లేదో చూసుకోండి. రెండు నిమిషాల పని. మరి సెలవు.