సిద్ధాంత వ్యాసం కంటే ముందు: నెల్లూరు సీమలో పరిశోధన రాత

నెల్లూరుకు తూర్పున, సముద్రతీరానికి చేరువగా ఉన్న ఇందుకూరుపేట ప్రాంతంలో, పల్లిపాడు దగ్గర పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించారు. ఇటువంటి చోటి చరిత్రను పిహెచ్.డి. కోసం రాయబూనిన విద్యార్థికి విషయపరిజ్ఞానం ఒక్కటే చాలదు. దొరికిన ఆధారాన్ని ఇతరులు సరిచూసుకునేటట్లు కాగితం మీద పెట్టే నేర్పు కూడా కావాలి. నెల్లూరులో విక్రమసింహపురి విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడగా, ఆ నేర్పుకు మాదిరి అనదగిన గ్రంథం అంతకు నూరేళ్ల ముందే వెలువడింది. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి మూడు సంపుటాలుగా ప్రకటించిన నెల్లూరు జిల్లా శాసనాల్లో ప్రతి శాసనానికీ తాలూకా పేరుతో ఒక సంఖ్య ఉండటం వల్ల, దాన్ని ఉదహరించిన వారి మాటను ఎవరైనా మూలంతో పోల్చి చూడవచ్చు.

శాసనంలోని శక సంవత్సరానికి 78 కలిపితే సాధారణంగా క్రీస్తుశకం వస్తుంది. అయితే పుష్యం చివర, మాఘ ఫాల్గుణాల్లో వేయించిన శాసనమైతే జనవరి దాటిపోతుంది కనుక 79 కలపాలి. రాతి మీద ఉన్నదేదో, తాను లెక్కగట్టినదేదో విడదీసి చెప్పడం అలవడితే విద్యార్థి రాతలో తడబాటు సగం తగ్గుతుంది.

మిగతా సగం భాషకు సంబంధించినది. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడుతున్న కాలంలో, 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికం పక్షాన నిలిచింది. ఆ వాదం చల్లారిన తరవాత కూడా పండిత రచనకు గ్రాంథికమే తగినదన్న భావన చాలాకాలం పోలేదు. చెప్పదలచిన మాట సిద్ధంగా ఉన్నా, సంధి తప్పుతుందేమోనన్న జంకుతో కలం ఆగిపోవడం ఆ భావన పెట్టిన ఖర్చు.

ఈ జంకు ఎరుగని రచయిత నెల్లూరు సీమ పాత్రికేయుడు బంగోరె, అంటే బండి గోపాలరెడ్డి. గురజాడ 1909లో తిరగరాసిన కన్యాశుల్కమే లోకానికి తెలిసినదైపోగా, 1897 నాటి తొలి కూర్పును ఆయన 1969లో మళ్లీ వెలుగులోకి తెచ్చారు. తరవాత తిరుపతిలో తెలుగు నిఘంటుకర్త సి.పి. బ్రౌన్ మీద శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం నడిపిన ప్రాజెక్టులో పనిచేస్తూ, ఆచార్య జి.ఎన్. రెడ్డితో కలిసి బ్రౌన్ సాహిత్య స్వీయచరిత్రను 1978లో ప్రకటించారు. ఆచార్య పదవి లేని మనిషికి ఆచార్యులతో సమానంగా నిలబడే ధైర్యాన్నిచ్చింది పాత కాగితాల మీద ఆయనకున్న పట్టే.

విశ్వవిద్యాలయాల్లో ఇటువంటి పట్టును, రాత నేర్పును అలవరచే శిక్షణకు చిరకాలం ఆధారమైనది ఎం.ఫిల్.; అందులో రాసే లఘు సిద్ధాంత వ్యాసం, అంటే చిన్న అంశం మీద పరిమితంగా సాగే పరిశోధన, పెద్ద వ్యాసానికి చేయి తిప్పుకునే చోటుగా ఉండేది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009 నిబంధనలతో పిహెచ్.డి.కి పరిశోధన పద్ధతుల పాఠ్యక్రమాన్ని తప్పనిసరి చేసింది, 2022 నిబంధనలతో ఎం.ఫిల్.ను ఎత్తివేసింది. పాఠ్యక్రమం పద్ధతిని చెబుతుంది గానీ, రాసి, పర్యవేక్షకుడి ఎర్రసిరా చూసి, మళ్లీ రాయడానికి ఎం.ఫిల్. ఇచ్చిన వ్యవధిని ఇవ్వదు. ఇప్పుడు ఇందుకూరుపేట విద్యార్థి తొలిసారి కొట్టివేతలు చూసేది నేరుగా పిహెచ్.డి. చిత్తుప్రతి మీదనే.