‘హిమబిందు’ చేతపట్టుకుని ధాన్యకటకానికి



మన గుంటూరు ప్రాంతపు ఆడవాళ్ళకి అమరావతి కొత్త ఊరేమీ కాదు. కార్తీకమాసం వచ్చిందంటే తెల్లవారుజామునే బస్సెక్కడం, కృష్ణలో మూడు మునకలు వెయ్యడం, అమరేశ్వరుడికి అభిషేకం, బాలచాముండిక అమ్మవారికి కుంకుమపూజ, ఆ తర్వాత డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తినడం, చీకటిపడేలోగా ఇల్లు చేరడం. నేనూ ఏళ్ళ తరబడి అలాగే వెళ్ళొచ్చాను. గుడికి దగ్గరలోనే ఉన్న స్తూపాన్ని చూశామా అంటే చూశాం. “ఏముందమ్మా అక్కడ, గుండ్రటి దిబ్బ!” అనుకుని వచ్చేశాం.

ఒకసారి మా అమ్మాయి అడవి బాపిరాజుగారి ‘హిమబిందు’ చదివి, ఆ పుస్తకం సంచీలో పెట్టుకుని నాతో బయలుదేరింది. స్తూపం దగ్గర నిలబడి, “అమ్మా, సువర్ణశ్రీ ఇల్లు ఎటువైపు? చారుగుప్తుడి మేడ ఎక్కడ?” అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. కాని జవాబు మాత్రం దొరకలేదు. ఆ ప్రశ్న వల్లే అమరావతిని నేను మొదటిసారి నడిచి చూశాను. ఆ నడక సంగతులే ఇవాళ మీకు చెబుతాను.

ముందుగా ఒక మాట. 2015లో శంకుస్థాపన జరిగిన కొత్త రాజధానికి ఈ పేరే పెట్టారు. నేను చెప్పేది ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో ఆ పాత ఊరి గురించి. జిల్లాలను విడదీసినప్పుడు, 2022లో, అది పల్నాడు జిల్లాలో చేరింది. దారి మాత్రం మన గుంటూరునుంచే. లాం ఫారం దాటాక, కాలాన్నిబట్టి, ఒకవైపు తెల్లగా విచ్చిన పత్తి, ఒకవైపు కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు కనిపిస్తాయి. తుమ్ములు వస్తే కొంగు అడ్డం పెట్టుకోండి!

‘హిమబిందు’ కథ మీలో చాలామంది చదివే ఉంటారు. బాపిరాజుగారు 1895లో పుట్టి 1952లో కన్నుమూశారు. ఆయన రచయితే కాదు, చిత్రకారుడు కూడా. అందుకే ఆ నవలలో నగలు, చీరకట్టు, కొప్పుల తీరు కళ్ళకు కట్టినట్టుంటాయి. శాతవాహనుల కాలం, ధాన్యకటక నగరం. మహావర్తకుడు చారుగుప్తుడి కూతురు హిమబిందు. శిల్పి ధర్మనంది కొడుకు సువర్ణశ్రీ. కథ మొదట్లోనే వచ్చే ఎడ్ల పందేలు చదువుతుంటే, తిరునాళ్ళలో ఒంగోలు గిత్తల పందేలు చూసిన మనకి ఆ దుమ్ము, ఆ అదిలింపులు వేరే వర్ణించి చెప్పక్కర్లేదు.

మరి ఇదంతా నిజమా అంటే, కథే. నవలలో ధాన్యకటకం శ్రీముఖ శాతవాహనుడి రాజధాని. తొలి శాతవాహనుల ఆనవాళ్ళు మహారాష్ట్రలోని నానేఘాట్ లోను, తెలంగాణాలోని కోటిలింగాల లోను దొరికాయి. ఈ కృష్ణాతీరంలో వాళ్ళ ఏలుబడికి గట్టి ఆధారాలు పులుమావి కాలంనుంచి, అంటే క్రీస్తుశకం రెండో శతాబ్దంనుంచి కనిపిస్తాయి. స్తూపం మాత్రం అంతకన్నా ఎంతో ముందే మొదలైంది. కాబట్టి రాజుల లెక్క దగ్గర నవలని నమ్ముకోవద్దు. వీధిలో తిరగడానికి మాత్రం దానికి మించిన తోడు లేదు.

నడక ధరణికోటనుంచి మొదలుపెట్టండి. అమరావతికి ఆనుకునే పడమటి పక్కన ఉంది. ధాన్యకటకం పేరే కాలక్రమాన అలా మారిందంటారు. పాత కోట మట్టికట్టలు ఇప్పుడు చూస్తే ఉత్త గట్లలాగే ఉంటాయి. 1962-64 మధ్య ఇక్కడ తవ్వకాలు జరిపినప్పుడు పడవలు రావడానికి కాలువ, సరుకు దించుకునే రేవు బయటపడ్డాయి. అంటే కృష్ణమ్మ మీదుగా వర్తకం సాగిన ఊరన్నమాట. చారుగుప్తుడు కల్పితమే కావచ్చు, అలాంటి వర్తకులు మాత్రం కల్పన కాదు. హిమబిందు తండ్రి ఓడల సరుకు ఇక్కడే దిగిందని మా అమ్మాయి తీర్మానించేసింది. నేను కాదనలేదు.

అక్కణ్ణుంచి మెల్లిగా నడుచుకుంటూ స్తూపానికి రండి. ఆ గుండ్రని వేదిక ఈ చివరినుంచి ఆ చివరికి దాదాపు యాభై మీటర్లు. చుట్టూ ఒకసారి ప్రదక్షిణంగా తిరిగితే తెలుస్తుంది అది ఎంత కట్టడమో! ఒకప్పుడు దీని ఒంటినిండా పల్నాటి సున్నపురాతి పలకలు, ప్రతి పలకమీదా బొమ్మలు. అవన్నీ ఏమయ్యాయి?

ఇది కొంచెం కష్టమైన కథ. 1790ల చివర్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు చింతపల్లినుంచి తన రాజధానిని ఇక్కడికి మార్చారు. కొత్త ఊరికి ఇటుక కావాలి, రాయి కావాలి. దీపాలదిన్నె అని పిలుచుకునే ఈ దిబ్బను తవ్వారు. 1797 ప్రాంతంలో కర్నల్ మెకంజీ ఆ సంగతి విని వచ్చి చూశాడు. 1816లో తిరిగి వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వేసి ఉంది. మిగిలిన పలకలకు ఆయన బొమ్మలు గీయించకపోతే మనకి ఈ మాత్రం కూడా తెలిసేది కాదు. ఎన్నో శిల్పాలు బట్టీల్లో కాలి సున్నమైపోయాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు వెళ్ళి, అక్కణ్ణుంచి ఓడెక్కి లండన్ చేరాయి. నూట ఇరవైకి పైగా శిల్పాలు అక్కడి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మరెన్నో చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. మన వాకిట్లో మిగిలింది కొంచెమే.

రాజుగారిని ఆడిపోసుకోవడం తేలిక. అమరేశ్వరుడి గుడిని బాగుచేయించిన పుణ్యాత్ముడూ ఆయనే. పాత ఇల్లు పడగొట్టేటప్పుడు మనం మాత్రం ఏం చేస్తున్నాం? అమ్మమ్మ కాలంనాటి చెక్కుడు ద్వారబంధం కట్టెల అడితికి పోతుంటే, “పోనీలెద్దూ, చెదలు పట్టింది” అనుకోవడం లేదూ?

సరే, పక్కనే మ్యూజియం ఉంది. శుక్రవారం సెలవు, అది చూసుకుని బయలుదేరండి. ‘హిమబిందు’ ముఖం మీకు దొరికేది ఇక్కడే. సన్నని నడుములు, బరువైన కడియాలు, మేఖలలు, తలమీద పూలు. చెన్నై వెళ్ళినప్పుడు నలగిరి ఏనుగు శిల్పం కూడా తప్పక చూడండి. మదమెక్కిన ఏనుగు వీధిలో జనాన్ని తొక్కుకుంటూ వస్తుంటుంది. పైన కిటికీల్లోంచి జనం బిక్కచచ్చి చూస్తుంటారు. అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. కథ జరిగింది రాజగృహంలో అయినా, శిల్పి చెక్కింది తను రోజూ చూసే వీధినే అయివుంటుంది. ధర్మనంది చేతి పని ఇదేనేమో అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. బొమ్మల కింద చిన్నచిన్న అక్షరాలుంటాయి. బ్రాహ్మీలిపి, ప్రాకృతభాష. ఇవి రాజశాసనాలు కావు. ఎవరు ఏ పలక ఇచ్చారో చెప్పే దానలేఖలు. ఇచ్చినవాళ్ళలో భిక్షుణులున్నారు, వర్తకుల భార్యలున్నారు, ‘ఘరణి’ అని రాయించుకున్నవాళ్ళున్నారు. ఘరణి అంటే మరెవరో కాదు, గృహిణే! తల్లితో, కూతుళ్ళతో, కోడళ్ళతో కలిసి ఇచ్చామని చెప్పుకున్నవాళ్ళున్నారు. విధికుడనే చర్మకారుడు, ఉపాధ్యాయుడు నాగుడి కొడుకు, పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళు, చుట్టాలు, స్నేహితులు అందరితో కలిసి ఇచ్చానని రాయించాడు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్రచిహ్నంగా తీసుకున్నది కూడా అమరావతి శిల్పాల్లోని పూర్ణఘటాన్నే. అలాంటి నిండుకుండ ఒకటి చెప్పులు కుట్టుకునే ఇంటినుంచి వచ్చిందని మనలో ఎందరికి తెలుసు?

నా మట్టుకు నాకు ఆ లేఖల దగ్గర కాళ్ళు కదల్లేదు. హిమబిందు బాపిరాజుగారి ఊహలో పుట్టింది. ఈ ఘరణులు నిజంగా పుట్టారు, ఈ ఊళ్ళోనే వండారు, వార్చారు, పిల్లల్ని పెంచారు. దాచుకున్న దాంట్లోంచి ఒక రాయి కొనిచ్చారు. రాజుల మేడలు మట్టిలో కలిశాయి. వీళ్ళ పేర్లు మాత్రం రెండువేల ఏళ్ళు నిలిచాయి. సున్నమైపోయిన పలకల మీద ఇంకెందరు ఘరణుల పేర్లున్నాయో!

ఈసారి కార్తీకానికి వెళ్ళినప్పుడు దర్శనం అయ్యాక బస్సు కోసం తొందరపడకండి. ‘హిమబిందు’ ఒక ప్రతి సంచీలో వేసుకోండి. పిల్లల్ని వెంటబెట్టుకుని ధరణికోటనుంచి స్తూపందాకా నడవండి. “ఎవరి ఇల్లు ఎక్కడ?” అని వాళ్ళు అడిగితే విసుక్కోకండి. మ్యూజియంలో ఆ రాతి అక్షరాల ముందు నిలబెట్టి, “ఇదిగో, మనలాంటివాళ్ళు ఇక్కడున్నారు” అని చూపించండి.

సెలవు.