పేరు పోవడం అంటే ఏమిటి?

పిల్లలు పై తరగతులకొచ్చాక కష్టమైన ఇంగ్లీషు మాటల పట్టికలు బట్టీ పట్టడం ఇక్కడ మన ఇళ్ళల్లో మామూలే. అలాంటి మాటల్లో ఒకటి "ఇగ్నమినియస్". నలుగురిలో తలవంపులు తెచ్చేది అని అర్థం. ఘోరమైన ఓటమికీ, పరువు పోగొట్టుకుని పదవి వదలడానికీ ఈ విశేషణం వాడతారు. అర్థంతో పాటు దీని వెనుక కథ కూడా పిల్లలకి చెప్పాలని నాకనిపిస్తుంది.

దీని మూలం లాటిన్. "నోమెన్" అంటే పేరు. మన "నామం"కి అది దూరపు చుట్టం. పేరు లేకుండా పోవడమే "ఇగ్నొమినియా". "వాడి పేరు పోయింది" అని మనమూ అంటాం కదా!

ప్రాచీన రోములో సుమారు ఐదేళ్ళకోసారి ఇద్దరు సెన్సార్లని ఎన్నుకునేవారు. మన సినిమా సెన్సారుకి ఆ పేరు వచ్చింది వీళ్ళ నుంచే. జనాభా లెక్కలు రాయడం, పౌరుల నడవడి చూడడం వీళ్ళ పని. తప్పు చేసినవాడి పేరు పక్కన ఒక గుర్తు పెట్టేవారు. దాంతో జైలు, జరిమానా ఉండవు గానీ సెనేటరైతే సభ్యత్వం పోతుంది. అదీ శాశ్వతం కాదు. క్రీ.పూ. 70లో 64 మందిని తీసేస్తే, కొందరు మళ్ళీ ఎన్నికల్లో గెలిచి సభకి తిరిగొచ్చారు.

క్రీ.పూ. 184లో సెన్సారైన కేటో, లూసియస్ ఫ్లామినినస్ అనే మాజీ కాన్సల్‌ని సెనేట్ నుంచి తీసేశాడు. విందులో తనకిష్టమైన వాడి సరదా కోసం ఒక మనిషి ప్రాణం తీశాడని అభియోగం. తరవాత ఒకసారి నాటకశాలలో ఫ్లామినినస్ మాజీ కాన్సల్స్ వరస దాటిపోయి, ఎక్కడో దూరంగా కూర్చున్నాడట. జనం జాలిపడి, కేకలు పెట్టి, చోటు మారేదాకా ఊరుకోలేదని ప్లూటార్క్ రాశాడు.

అంటే పేరు ఉండేది నలుగురి దగ్గరే. తీసేదీ వాళ్ళే, తిరిగిచ్చేదీ వాళ్ళే. కానీ ఆ విందులో చచ్చిపోయిన మనిషి పేరేమిటి? చరిత్రకారులు రాయలేదు. నిజంగా పేరు పోయింది అతనికే.

"నలుగురూ ఏమనుకుంటారు" అని మనం పిల్లల్ని తరచూ మందలిస్తాం. "నీ వల్ల ఎవరికి నష్టం జరిగింది" అని ముందు అడగడం మేలని నా అభిప్రాయం. పరువు ఎప్పుడో ఒకప్పుడు తిరిగొస్తుంది. పోయిన ప్రాణం రాదు.