తొట్టి ఎవరికి కావాలి?

"నాకు ఇంజను చాలు. తొట్టి మీరు తీసుకెళ్ళండి, పూలమొక్కలు వేసుకోవచ్చు."

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, ఒక పాత పొలం ఇంటి సామాన్ల వేలంలో నాతో పోటీగా పాట పెంచుతున్న పెద్దాయన అన్న మాట ఇది. మా ఇద్దరి ముందూ ఉన్నది 1930ల నాటి మేటాగ్ బట్టలుతికే మిషను. మసకబారిన అల్యూమినియం తొట్టి, దాని పైన బట్టలు పిండే రబ్బరు రోలర్ల జత, కింద పెట్రోలుతో నడిచే చిన్న ఇంజను. ఆయన మంచి మనసుతోనే అన్నాడు. అయినా ఆ మాట నాకు గుచ్చుకుంది. పంతానికి పోయి పాట పెంచి రెండూ నేనే కొన్నాను. ఎందుకు గుచ్చుకుందో ఆలోచించడం మాత్రం ఇంటికొచ్చాకే మొదలైంది.

ఈ మిషన్లు పుట్టింది అయోవాలోని న్యూటన్ అనే చిన్న ఊళ్ళో. 1893లో వ్యవసాయ పనిముట్లతో మొదలైన మేటాగ్ కంపెనీ, పొలం పనుల్లేని నెలల్లో ఫ్యాక్టరీ ఖాళీగా ఉండకూడదని 1907లో ఉతికే మిషన్ల తయారీకి దిగింది. 1930ల మధ్యలో కూడా అమెరికా పొలం ఇళ్ళలో పదింట ఒకదానికే కరెంటు ఉండేది. అందుకే మిషనుకి పెట్రోలు ఇంజను తగిలించారు. కాలితో పెడల్ తన్ని దాన్ని స్టార్ట్ చెయ్యాలి. పొగ గొట్టాన్ని ఇంటి బయటికి వదలాలి. అలా తన్ని తన్ని ఇంజను నడిపింది ఎక్కువగా ఆడవాళ్ళే. కరెంటు వచ్చాక చాలామంది ఇంజన్లు ఊడదీసి వేరే పనులకి వాడుకున్నారు. పాత ఇంజన్లు సేకరించేవాళ్ళ దగ్గర ఇవాళ మిషను లేని మేటాగ్ ఇంజన్లు ఎన్నో కనిపిస్తాయి. ఇంజను సాంకేతిక చరిత్ర అయింది, తొట్టి పూలకుండీ అయింది. 2007లో న్యూటన్ ఫ్యాక్టరీ కూడా మూతపడింది.

అందరూ అలా ఉన్నారనను. కొలరాడోలోని ఈటన్ దగ్గర లీ మాక్స్‌వెల్ అనే రిటైరైన ఇంజనీరింగ్ ప్రొఫెసర్ వెయ్యికి పైగా ఉతికే మిషన్లు సేకరించి, బాగుచేసి మ్యూజియం పెట్టారు. 2003లో వచ్చిన ఆయన పుస్తకం పేరుకి అర్థం 'స్త్రీల ప్రాణాలు కాపాడండి' అని. ఆ పేరు చూసినప్పటి నుంచీ నాది ఒకటే ప్రశ్న. మిషను కాపాడిందా? ఎవరిని?

కాపాడలేదని నేను అనలేను. పందొమ్మిదో శతాబ్దంలో ఒక్క వాయి బట్టలు ఉతికి, ఉడకబెట్టి, జాడించడానికి యాభై గ్యాలన్ల నీళ్ళు పట్టేవని చరిత్రకారిణి సూజన్ స్ట్రాసర్ లెక్క చెప్పింది. అంటే సుమారు 190 లీటర్లు. వాటిని తోడి, మోసి, కాచి, పారబోసిన నడుముల్ని తలుచుకుంటే ఏ మిషనుకైనా దండం పెట్టాలనిపిస్తుంది. కానీ 1983లో రూత్ ష్వార్ట్జ్ కోవన్ ఇంకో సంగతి చూపించింది. మిషను బరువు తగ్గించింది గానీ పని తగ్గించలేదు. బయట లాండ్రీలకి వెళ్ళే బట్టలు తిరిగి ఇంటికొచ్చాయి. శుభ్రత కొలతలు పెరిగాయి, వారానికోసారి మార్చే చొక్కా రోజూ మార్చడం మొదలైంది. సాయం చేసే చేతులు తప్పుకుని తల్లి ఒక్కతే మిగిలింది. 1974లో జోన్ వానెక్ వేసిన లెక్కలో, బయట ఉద్యోగం చెయ్యని అమెరికన్ గృహిణి ఇంటిపని 1924లో వారానికి 52 గంటలు, 1960లలో 55 గంటలు.

ఆ మిషను బాగుచెయ్యడానికి నాకు ఒక శీతాకాలం పట్టింది. కార్బొరేటర్ శుభ్రం చేశాను. పెట్రోల్లో ఆయిల్ ఎంత కలపాలో నేర్చుకున్నాను. రోలర్ల రబ్బరు రాయిలా గట్టిపడితే కొత్తవి వేశాను. రోలర్ల మీద ఒక మీట ఉంది. చెయ్యి ఇరుక్కుంటే దాన్ని కొట్టాలి, రోలర్లు విడిపోతాయి. ఇలాంటి రోలర్లలో ఇరుక్కున్న చేతుల గురించి 1938లోనే అమెరికన్ వైద్య పత్రికలో 26 కేసులతో వ్యాసం వచ్చింది. దెబ్బతిన్నవాళ్ళలో ఎక్కువమంది పసిపిల్లలు. నా మిషను మీట ఒక పక్క బాగా సొట్టపోయి ఉంది. దాన్ని ఎవరు, ఏ క్షణంలో అంత గట్టిగా కొట్టారో! పక్కింటాయన కొత్త మీట తెప్పిస్తానన్నాడు. వద్దన్నాను. మిషన్ని కొత్తదానిలా మెరిపిస్తే దాన్ని వాడిన మనిషి మాయమవుతుంది.

ఆ మనుషుల పేర్లు వెతికితే కొన్ని దొరికాయి. ఎలెన్ ఎగ్లిన్ వాషింగ్టన్‌లో ఇళ్ళల్లో పనిచేసిన నల్లజాతి స్త్రీ. బట్టలు పిండే యంత్రం ఒకటి కనిపెట్టి 1888లో 18 డాలర్లకి ఒక ఏజెంటుకి అమ్మేసింది. నల్లజాతి స్త్రీ కనిపెట్టిందని తెలిస్తే తెల్ల స్త్రీలు కొనరని ఆమె లెక్క. ఈ మాట ఆమే 1890లో ఒక పత్రికకి చెప్పుకుంది. అంతకు ముందు 1881లో అట్లాంటాలో ఇరవైమంది నల్లజాతి చాకలి స్త్రీలు సంఘం పెట్టారు. మూడు వారాల్లో మూడువేలమంది అయ్యారు. కూలి రేటు కోసం సమ్మె చేశారు. 'మిషను స్త్రీని విముక్తం చేసింది' అన్నప్పుడు ఆ 'స్త్రీ' ఎవరని వీళ్ళు మనల్ని నిలదీస్తున్నారు.

ఇక్కడ నా దగ్గరికి నేను రాక తప్పదు. గుంటూరు జిల్లాలోని మా ఇంట్లో మా అమ్మ బట్టలు ఉతికిన గుర్తు లేదు. మూట కట్టి చాకిరేవుకి వేసేవాళ్ళం. అమ్మకి చాకలి పద్దు పుస్తకం ఉండేది. చీరలు నాలుగు, పంచెలు ఆరు, దుప్పట్లు రెండు. ఒక్క జాకెట్టు తక్కువైనా పద్దు చూపించి అడిగేది. మూట మోసుకెళ్ళే ఆమె మా నాయనమ్మ వయసుది. పిల్లలం కూడా ఆమెని 'ఏమే' అనే పిలిచేవాళ్ళం. అమ్మ పోయాక ఆ పుస్తకం నా చేతికొచ్చింది. మొదటి పేజీ నుంచి చివరిదాకా వెతికాను. మా ఇంటిల్లిపాది బట్టల లెక్క ఉంది, ఆమె పేరు లేదు. నాకూ గుర్తు లేదు. మా ఇంట్లోకి వాషింగ్ మిషను వచ్చిన ఏడు ఆమె రావడం మానేసింది. ఆమె కూలి ఏమైందని అప్పుడు మేమెవరమూ అడగలేదు.

పాలకుర్తిలో తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ని ఎదిరించిన చాకలి ఐలమ్మ పేరు 2024లో హైదరాబాద్ కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టారు. సంతోషించాను. మా పద్దులో లేని పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. పెద్దాయన తొట్టి వదిలేశాడని నొచ్చుకున్న నేను, తొట్టి కంటే ముందటి రేవుని వదిలేశాను.

మిషను ఇప్పుడు నడుస్తోంది. చూడ్డానికొచ్చినవాళ్ళు ఇంజను చప్పుడుకి ముచ్చటపడతారు. నేను ముందుగా సొట్టపోయిన మీట చూపిస్తాను, తర్వాత పద్దు పుస్తకం తెరిచి పక్కన పెడతాను. వచ్చే సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు రేవు పక్క వీధిలో అడగాలి, ఆమె పేరు చెప్పగలిగేవాళ్ళు ఇంకా ఎవరైనా ఉన్నారేమో.