కోర్లు పెరిగినా వేగం ఎందుకు పెరగదు? లైనక్స్ ‘పెద్ద తాళం’ కథ

ఎనిమిది కోర్ల ఫోన్లు ఇప్పుడు మామూలే. సర్వర్ చిప్‌లలోనైతే వందకు పైగా కోర్లు ఉంటున్నాయి. కోర్లు రెట్టింపైతే పని కూడా రెట్టింపు వేగంతో జరగాలి. చాలాసార్లు అలా జరగదు. ప్రోగ్రామ్ బాగానే రాసినా, కెర్నల్ దగ్గర కోర్లు క్యూ కట్టాల్సి రావడం దీనికి ఒక ముఖ్య కారణం.

కెర్నల్ ఏం చేస్తుంది?

ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌ను నేరుగా నడిపే భాగమే కెర్నల్. మెమరీ, ఫైళ్లు, నెట్‌వర్క్... ఏది కావాలన్నా ప్రోగ్రాములు దాన్నే అడగాలి. ఏ మెమరీ ఎవరిది, ఏ ఫైలు ఎక్కడుంది అన్న లెక్కలను అది పట్టికల్లో రాసుకుంటుంది. ఒకే పట్టికను రెండు కోర్లు ఒకేసారి దిద్దితే లెక్క తప్పుతుంది. అందుకే ‘లాక్’లు, అంటే తాళాలు. ఒక కోర్ పని ముగించేదాకా మిగతావి ఆగాలి.

ఒకే తాళంతో మొదలు

1996 జూన్‌లో వచ్చిన లైనక్స్ 2.0 ఒకటి కంటే ఎక్కువ ప్రాసెసర్లను వాడుకోగలిగింది. కానీ కెర్నల్ మొత్తానికీ ఒకటే తాళం: ‘బిగ్ కెర్నల్ లాక్’. పది కౌంటర్లున్నా ఒకే లెడ్జరున్న బ్యాంకు లాంటిది. రెండు ప్రాసెసర్లకు ఇది సరిపోయింది, సంఖ్య పెరిగేకొద్దీ ఇబ్బంది మొదలైంది. 1967లో జీన్ ఆమ్‌డాల్ చేసిన వాదన ప్రకారం, పనిలో 5 శాతం ఒకదాని తర్వాత ఒకటిగానే జరగాల్సి ఉంటే, ఎన్ని వేల కోర్లు పెట్టినా వేగం 20 రెట్లు దాటదు.

ముక్కలు చేయడానికి 15 ఏళ్లు

పరిష్కారం ఒక్కో పట్టికకు ఒక్కో తాళం. అయితే రెండు కోర్లు చెరో తాళం పట్టుకుని, రెండోదాని కోసం ఎదురుచూస్తే రెండూ శాశ్వతంగా ఆగిపోతాయి. అందుకే ఈ మార్పు ఆచితూచి సాగింది. 2011 మే నెలలో 2.6.39 వెర్షన్‌తో గానీ పెద్ద తాళం పూర్తిగా పోలేదు.

ఈలోగా 2002లో ‘రీడ్-కాపీ-అప్‌డేట్’ పద్ధతి వచ్చింది. ఇందులో చదివేవారికి తాళమే అక్కర్లేదు. మార్చాల్సిన కోర్ కొత్త ప్రతి సిద్ధం చేసి, పాతదాని స్థానంలో పెడుతుంది. పాత ప్రతిని చదువుతున్నవారంతా ముగించాకే దాన్ని తొలగిస్తుంది. దీన్ని లైనక్స్‌లోకి తెచ్చినవారిలో పాల్ మెక్‌కెన్నీతో పాటు ఐబీఎం భారత ల్యాబ్ ఇంజినీరు దీపాంకర్ శర్మ ఉన్నారు.

తాళం లేకున్నా...

2010లో ఎంఐటీ పరిశోధకులు 48 కోర్ల యంత్రంపై 7 అప్లికేషన్లను పరీక్షించారు. ఆరింటికి కెర్నల్‌లోనే అడ్డంకులు ఎదురయ్యాయి. కొన్నిచోట్ల కారణం అన్ని కోర్లూ పంచుకునే ఒక చిన్న లెక్కింపు సంఖ్య. ఒక కోర్ దాన్ని మార్చిన ప్రతిసారీ మిగతా కోర్ల క్యాషేలోని ప్రతులు చెల్లకుండా పోతాయి. ఒక్కో కోర్‌కు విడి లెక్క ఇచ్చి, అవసరమైనప్పుడే కూడితే సమస్య తీరింది. ఇలాంటి సవరణలు చాలని, సంప్రదాయ కెర్నల్‌ను వదులుకోనక్కర్లేదని వారు తేల్చారు.

అంతకు ఏడాది ముందు ఈటీహెచ్ జ్యూరిక్, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ‘బారెల్‌ఫిష్’తో మరో దారి చూపాయి. అందులో ప్రతి కోర్‌కూ సొంత కెర్నల్ ఉంటుంది. కోర్లు సందేశాలతోనే మాట్లాడుకుంటాయి. అది పరిశోధనకే పరిమితమైంది. లైనక్స్ మాత్రం 2017 నవంబరు నుంచి టాప్500 జాబితాలోని సూపర్ కంప్యూటర్లన్నింటిలోనూ నడుస్తోంది.

దారులు వేరైనా రెండింటి సూత్రం ఒకటే: కోర్లు పంచుకునే సమాచారాన్ని తగ్గించడం. క్లౌడ్‌లో కోర్ల లెక్కన బిల్లు కట్టేవారికీ ఇది వర్తిస్తుంది. ఇంకో 16 కోర్లు కొనేముందు, ఉన్నవి ఎక్కడ ఎదురుచూస్తున్నాయో కొలిచి చూసుకోవాలి.